ఆగస్టు 9న కొమ్ము డాన్స్‌కి పిలుస్తారు, సిలబస్ మీటింగ్‌కి పిలవరు. పీహెచ్‌డీ చేయమంటారా?

శబరి ఒడ్డు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కూనవరం మండలం, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. కోయవాళ్ళం. నా ఇంటర్ అయ్యేసరికి, 2014లో, మా మండలాన్ని ఖమ్మం జిల్లాలోంచి తీసి ఆంధ్రాలో కలిపారు. ఆ తర్వాత చదువంతా ఇటువైపే. ఇప్పుడు కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో హిస్టరీకి గెస్ట్ లెక్చరర్ని, మూడేళ్ళయింది. పాఠం చెప్పడం నాకు ప్రాణం, పిల్లలు కూడా బాగా వింటారు.

ఏటా జూలై నెలాఖరు వచ్చేసరికి స్టాఫ్‌రూమ్‌లో నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కదా మేడం, కొమ్ము డాన్స్ పెట్టిద్దాం, మీవాళ్ళని పిలిపించండి అని. తలకి కొమ్ములు పెట్టుకుని ఆడే మా కోయ ఆట అది. మొదటి ఏడాది నిజంగా సంతోషపడి పిలిపించాను. మా బాబాయి వాళ్ళు ఆరుగురు డోళ్ళూ కొమ్ములూ మూటగట్టుకుని రాత్రి బస్సెక్కి వచ్చారు. స్టేజి మీద ఇచ్చింది పదిహేను నిమిషాలు. స్టేజి వెనక బాబాయి పాత దుప్పటి విప్పి కొమ్ములు తీస్తుంటే ఒక కుర్రాడు వచ్చి, ఇవి ప్లాస్టిక్‌వా అండి అని అడిగాడు. బాబాయి ఏమీ అనలేదు, ఒక కొమ్ము తీసి వాడి చేతుల్లో పెట్టాడు. అది బాబాయి వాళ్ళ తాతది. చేయి పడీ పడీ నున్నగా అయిపోయి ఉంటుంది. ఆ అబ్బాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంత బరువుంటుందా అని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

సరిగ్గా ఆ నెలలోనే మా సబ్జెక్ట్ సిలబస్ మీద మీటింగ్ జరిగింది. 1879 రంప పితూరీ మా పాఠంలో నాలుగు లైన్లు ఉంటుంది. సొంత చెట్టు కల్లు గీసుకోవడానికి కూడా పన్ను కట్టమంటే కొండల్లో జనం ఎందుకు తిరగబడ్డారో, వాళ్ళని నడిపిన కారం తమ్మన్న దొర ఎవరో అందులో ఉండదు. నేను రెండు పేజీలు రాసుకుని తీసుకెళ్ళాను. గెస్ట్ ఫ్యాకల్టీకి ఈ మీటింగ్‌లో చోటు ఉండదమ్మా, కాగితం ఇచ్చి వెళ్ళు అన్నారు. ఇచ్చి వచ్చేశాను. ఆ నాలుగు లైన్లు ఇప్పటికీ నాలుగు లైన్లే.

నా ప్రశ్నలు రెండు. నాకు 29. పీహెచ్‌డీలో చేరనా? ఇంట్లో వద్దంటున్నారు. మా అక్క జీవో 3 ఉన్న రోజుల్లో టీచర్ అయింది, ఏజెన్సీ బళ్ళలో పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో. కోయ మాట్లాడే టీచర్ బడిలో ఉంటే ఒకటో తరగతి పిల్లలు ఎలా ఉంటారో నేను కళ్ళారా చూశాను. దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా బీఎడ్ చేసి డీఎస్సీకి కూర్చో, అదే నయం అని అమ్మ అంటుంది.

రెండోది, మనసులో చాలా రోజులుగా ఉన్నది. యూనివర్సిటీల్లో హెడ్డుగా, డీన్‌గా, వీసీగా (వైస్ చాన్సలర్‌గా) మా తెగలవాళ్ళు నాకు ఎందుకు కనిపించరు? ఒకవేళ ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే నిజంగా ఏమైనా మారుతుందా?

గౌతమి పాయ:

అమ్మా, నేను 31 ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. నీ రెండో ప్రశ్నకి ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఈ లెక్క తెలియదు.

యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2018 రూల్స్ ప్రకారం వీసీ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్ళు చేసి ఉండాలి, లేదంటే పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యా పరిపాలనలోనో అంత అనుభవం ఉండాలి. ప్రొఫెసర్ కావడానికి? పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్ళు ప్రమోషన్ల దారిలో వెళ్తే నాలుగేళ్ళు, ఐదేళ్ళు, మూడేళ్ళు, మళ్ళీ మూడేళ్ళు, మొత్తం పదిహేను. దానికి ఈ పది కలిపితే పాతిక. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో కొంచెం ముందే అవ్వొచ్చు, కానీ మామూలుగా అయితే ఈరోజు వీసీగా కనబడే మనిషి పాతికేళ్ళ క్రితం రెగ్యులర్ పోస్టులో చేరి ఉండాలి. అప్పుడు చేరనివ్వని మనిషి ఇప్పుడు ఎక్కడినుంచి కనబడతాడు?

చేరనివ్వకపోవడం ఎలా జరుగుతుందో కూడా చెప్తాను. 2018 మార్చిలో యూజీసీ రిజర్వేషన్‌ని యూనివర్సిటీ మొత్తానికి కాకుండా ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి విడివిడిగా లెక్కేయమంది. ఎన్నో నంబరు పోస్టు ఎవరికో చెప్పే ఆ వరసని 13 పాయింట్ల రోస్టర్ అనేవారు. అందులో బీసీకి 4, 8, 12వ పోస్టులు, ఎస్సీకి 7వది. ఎస్టీ వంతు 14వ పోస్టుకి వస్తుంది! నువ్వు చూసిన హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో పద్నాలుగు పోస్టులు ఉన్నవి ఎన్ని? ఆరు పోస్టులున్న చోట ఆ వంతు ఎప్పటికి వచ్చేను? దేశమంతా గొడవ చేస్తే 2019 మార్చిలో ఆర్డినెన్స్ తెచ్చారు, అదే ఏడాది చట్టం చేశారు, కేంద్ర సంస్థల్లో మళ్ళీ మొత్తం యూనివర్సిటీనే ఒక యూనిట్. ఒక్క లెక్క మార్చితే ఒక తెగ మొత్తం వరసలోంచి తప్పుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకొకటి, ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఒకసారి ఒక ఎయిడెడ్ కాలేజీ సెలక్షన్ కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. ఎస్టీ పోస్టు ఒకటి ఉంది, వచ్చింది ఒక్క అబ్బాయి, సవర తెగ కుర్రాడు. సబ్జెక్ట్ వచ్చు. ఇంగ్లిష్ తడబడుతోంది. నేను ఒక ప్రశ్న తెలుగులో అడిగితే గబగబా బోర్డు మీద గ్రాఫ్ వేసి చూపించాడు, చేతికంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకున్నాడు. బయటికి వెళ్ళాక పెద్దాయన ఒకరు, బాగానే ఉన్నాడు కానీ క్లాసు కంట్రోల్ చేయలేడండి అన్నారు. 'అర్హులు దొరకలేదు' అని కాగితం మీద రాశారు. కింద నేనూ సంతకం పెట్టాను. నేను రిటైరయ్యే నాటికీ ఆ పోస్టు ఖాళీయే. నువ్వు పీహెచ్‌డీ చేయాలి అని నేను అంటున్నది ఆ సంతకం గుర్తుకొచ్చే.

లంక పొలం:

మాది రావులపాలెం దగ్గరండి. తప్పుగా అనుకోవద్దు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. కింది పోస్టుల్లో రిజర్వేషన్ అర్థమైంది, మాస్టారు చెప్పింది చదివాక బాధ కూడా వేసింది. కానీ వీసీ అంటే బడ్జెట్టు, కోర్టు కేసులు, హాస్టల్ గొడవలు, ప్రభుత్వంతో తిరగడం. ఆ పనికి ఏ తెగ అయితే ఏంటి, సమర్థులైతే చాలు కదా? విజయనగరంలో 2019 నుంచి సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ నడుస్తోంది కదా, అక్కడైనా వీసీ గిరిజనులే ఉండాలని రూలు ఉందా?

మాందర్ మోత:

లంక పొలం గారూ, మంచి ప్రశ్న అడిగారు. ముందు చిన్నదానికి జవాబు. అలాంటి రూలు లేదు. విభజన చట్టం హామీ ప్రకారం మనకి వచ్చిన విజయనగరం దానికీ లేదు, తర్వాత 2023 చట్టంతో ములుగుకి వచ్చిన సమ్మక్క సారక్క యూనివర్సిటీకీ లేదు. పేరులో ట్రైబల్ ఉంటుంది, కుర్చీకి ఆ షరతు ఉండదు. సెర్చ్ కమిటీ పేర్లు పంపితే విజిటర్ హోదాలో రాష్ట్రపతి ఒకరిని ఎంచుతారు. 2022 జూలై నుంచి ఆ విజిటర్ సంతాల్ తెగకి చెందిన ద్రౌపదీ ముర్ము గారు. దేశంలో సెంట్రల్ యూనివర్సిటీల వీసీ నియామకాల మీద చివరి సంతకం ఒక ఆదివాసీ మహిళది అన్నమాట. అది చిన్న విషయం కాదు. కానీ ఆవిడ ముందుకి వచ్చే పేర్లు ఆ పాతికేళ్ళ మెట్లు ఎక్కి వచ్చినవే కదా, మాస్టారు చెప్పింది అదే.

ఇక అసలు ప్రశ్న. నేను బుట్టాయగూడెం వైపు కొండరెడ్ల అబ్బాయిని, పరిశోధన పని మీద రాంచీలో రెండేళ్ళు ఉన్నాను. అక్కడ రామ్‌దయాళ్ ముండా గారి పేరు ఎత్తకుండా రోజు గడవదు. ముండా తెగ, తమాడ్ దగ్గర దియురీ అనే పల్లె. షికాగోలో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, మినెసోటా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 1980ల మొదట్లో అవన్నీ వదిలి రాంచీకి తిరిగొచ్చారు. వచ్చి ఏం చేశారు? గిరిజన, ప్రాంతీయ భాషల శాఖ నిలబెట్టారు. ముండారి, సంతాలి, హో, ఖడియా, కుడుఖ్ ఐదు ఆదివాసీ భాషలు, వాటితోపాటు నాగపురి, పంచపరగనియా, కుర్మాలి, ఖోర్ఠా. మొత్తం తొమ్మిది భాషలు యూనివర్సిటీ చదువులోకి వచ్చాయి. ఆ తర్వాత అదే దశకంలో ఆయన ఆ యూనివర్సిటీకే వీసీ అయ్యారు.

ఇక్కడ చూడండి. ఒక భాషకి ఎమ్మే ఉంటే దానికి లెక్చరర్ పోస్టు పుడుతుంది. లెక్చరర్ ఉంటే పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, పీహెచ్‌డీలు వస్తాయి. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లవాడికి అది మొదటిసారి తక్కువతనం కాకుండా అర్హత అవుతుంది. బడ్జెట్టు, కోర్టు కేసులు చూసే సమర్థులు చాలామంది దొరుకుతారండి, కానీ ఈ తొమ్మిది భాషలు లేవే అన్న లోటు కనబడాలంటే వాటిలో ఒకటి ఇంట్లో మాట్లాడిన మనిషి కావాలి. అక్కా, నీ కొమ్ము డాన్స్ సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది కూడా ఆయనే. వీసీ అయ్యాక కూడా మెడలో డోలు వేసుకుని పిల్లలతో కలిసి ఆడేవారు, ఆడితేనే బతుకుతాం అనేవారు. అక్కడా డాన్సే, ఇక్కడా డాన్సే. అక్కడ ఆడినాయన మర్నాడు పొద్దున సిలబస్ మీద సంతకం పెట్టేవాడు, తేడా అంతే.

సోనా ఝరియా మింజ్ గారి గురించి కూడా చెప్పాలి. ఒరాఁవ్ తెగ. లెక్కలు నీ వల్ల కాదు అని బడిలో ఒక టీచర్ అన్నారని ఆవిడే చాలాసార్లు చెప్పారు. ఆవిడ లెక్కల్లోనే ఎమ్మెస్సీ చేసి, జేఎన్‌యూలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయి, అక్కడి టీచర్ల సంఘానికి అధ్యక్షురాలై, 2020లో దుమ్కాలో సిదో కాన్హూ ముర్ము యూనివర్సిటీకి వీసీ అయ్యారు. ఆవిడ తండ్రి నిర్మల్ మింజ్ గారు 1971లో రాంచీలో గోస్నర్ కాలేజీ మొదలుపెట్టి దానికి మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసినాయన, కుడుఖ్ రచనలకి సాహిత్య అకాడమీ భాషా సమ్మాన్ అందుకున్నారు. అంటే ఆ కుర్చీ వెనక రెండు తరాల పని ఉంది. మన దగ్గర మొదటి తరం నువ్వే అక్కా. అందుకే కష్టంగా ఉంటుంది, అందుకే చేయాలి కూడా.

ఈతాకు చాప:

నాది కొత్తపేట వైపు, ఎరుకలవాళ్ళం. మా నాన్న తట్టలు, బుట్టలు అల్లుతాడు. ఎస్టీ అనగానే ఏ ఏజెన్సీ అని అడుగుతారు నన్ను. డెల్టాలో కూడా మేం ఉన్నాం అండి, కాలువ గట్ల మీద, రైలు కట్టల పక్కన. ఇంట్లో మాట్లాడుకునే భాష కూడా వేరే ఉంది, బయట మాట్లాడం అంతే. మా తాతల్ని పుట్టుకతోనే నేరస్థులని చట్టం రాసి పోలీస్ స్టేషన్లో హాజరు వేయించుకున్నారు, 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. రేపు ఆదివాసీ నాయకత్వం అని మాట్లాడుకునేటప్పుడు కొండలే కాదు, ఈ గట్లు కూడా లెక్కలోకి రావాలి.

నాకు ఇంకో భయం ఉంది. ఎస్టీ పోస్టు నిండింది అని లిస్టులో చూసి సంతోషపడేలోపే, ఆయన ఎస్టీ కాదట, సర్టిఫికెట్ అలా పుట్టిందట అని తెలుస్తుంది. దొంగ సర్టిఫికెట్ల మీద మన రాష్ట్రంలో 1993లోనే చట్టం ఉంది, 1994లో సుప్రీంకోర్టు మాధురీ పాటిల్ కేసులో పరిశీలన కమిటీలు పెట్టమంది, అయినా కేసు తేలేసరికి మనిషి రిటైరయిపోతాడు. ఆ పోస్టులో ఉండాల్సినవాడు ఎక్కడో మేస్త్రీ పనిలో ఉంటాడు. దీనికి ఏం చేయాలో చెప్పండి ఎవరైనా.

కాకినాడ టు హామిల్టన్:

తమ్ముడూ, నేను న్యూజిలాండ్‌లో ఉంటాను, పదకొండేళ్ళయింది. నువ్వు చెప్పిన సమస్య కెనడాలో అచ్చంగా అలాగే వచ్చింది. తమది ఆదివాసీ వంశం అని చెప్పుకుని పెద్ద పదవుల్లోకి వెళ్ళినవాళ్ళ మాట నిలవలేదని 2021, 2022ల్లో పత్రికల్లో బయటపడింది. ఆ తర్వాత సస్కాచెవాన్ యూనివర్సిటీ 2022లో ఒక విధానం తెచ్చింది. నోటిమాట చాలదు, ఆ సమాజం నిన్ను తనవాడని ఒప్పుకున్న రుజువు కావాలి అని. తహసీల్దార్ సంతకం కంటే గూడెం మాట ముందు ఉండాలి అన్నది నాకు సబబుగా అనిపించింది.

శబరి ఒడ్డు గారూ, ఇక్కడి ఆదివాసులు మావోరీలది చూశాక నాకు తట్టింది ఒకటి చెప్తాను. ఇక్కడ వైకాటో లాంటి యూనివర్సిటీల్లో డిప్యూటీ వైస్ చాన్సలర్ మావోరి అని విడిగా ఒక పోస్టు ఉంటుంది. అది ఒక దారి. రెండో దారి, సొంతంగా కట్టుకోవడం. 1975లో ఓటాకి అనే చిన్న ఊరి చుట్టుపక్కల మూడు తెగలు కూర్చుని చూసుకుంటే యువతలో తమ భాష మాట్లాడేవాళ్ళు దాదాపు లేరని తేలింది. 2000 నాటికి ఎలా ఉండాలి అని పాతికేళ్ళ ప్రణాళిక వేసుకున్నారు. అందులో ముందు నడిచిన ఫాతరంగి వినియాటా అనే ఆయన అకౌంటింగ్ ప్రొఫెసర్. 1981లో సొంత ఉన్నత విద్యాసంస్థ మొదలుపెట్టారు, పేరు తె వానంగ ఓ రౌకావా. దాన్ని తెగలే నడుపుతాయి. అమెరికాలో నవాహో తెగవాళ్ళు 1968లోనే ఇలాంటి కాలేజీ పెట్టుకున్నారు. అన్నీ సాఫీగా సాగాయని కాదు. కెనడాలో రెజైనాలో అక్కడి ఆదివాసులది ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఉంది, 1976 నాటిది. పాలకమండలి తగాదాలతో 2010లో ప్రభుత్వం డబ్బు ఆపేసింది, బోర్డు మార్చుకున్నాక మళ్ళీ నిలదొక్కుకుంది. తగాదాలు ఏ యూనివర్సిటీలో లేవు చెప్పండి. మూసేయకుండా సరిచేసుకున్నారు, అది నాకు నచ్చింది.

గౌతమి పాయ:

ఈ కుర్రాళ్ళు చెప్పింది విన్నాక ఒక్క ముక్క. అమ్మా, గిరిజన పరిశోధకులకి కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తుంది, గిరిజన వ్యవహారాల శాఖది. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయి, ఈ ఫెలోషిప్‌కీ దరఖాస్తు పెట్టు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేరు చూడకు, ఆయన దగ్గర చేసిన పిల్లలు ఎన్నేళ్ళలో బయటికి వచ్చారో వాళ్ళనే అడుగు. బీఎడ్ కూడా చేసి పెట్టుకోవచ్చు, అమ్మగారి మాట కొట్టేయకు. టాపిక్ నీ చేతిలోనే ఉంది, ఆ రెండు పేజీలు.

శబరి ఒడ్డు:

రెండు రోజులు రాయలేకపోయాను, క్షమించండి. అందరివీ రెండేసిసార్లు చదివాను. మాస్టారూ, మీరు ఆ సంతకం సంగతి ఇక్కడ రాశారు చూడండి, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది మీరు రాయాల్సిన అవసరం లేదు, అయినా రాశారు.

అమ్మకి ఫోన్ చేసి 25 ఏళ్ళ లెక్క చెప్పాను. 35కి రెగ్యులర్ పోస్టు వస్తే 60కి అర్హత వస్తుంది అన్నాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 2022 వరదకి ఇల్లు మునిగినప్పుడు నీ సర్టిఫికెట్లే కదా ముందు అటక మీంచి దించి పట్టుకుని గుట్టెక్కాం, ఊరికే దాచుకోవడానికా అంది. అంటే ఒప్పుకున్నట్టే. నెట్‌కి చదువుతున్నాను. ఈతాకు చాప తమ్ముడూ, నువ్వు డిగ్రీ ఏ సంవత్సరమో నాకు మెసేజ్ పెట్టు, నా నోట్సు నీకు పంపిస్తాను.

ఇంకోటి. నిన్న ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి కూడా కొమ్ము డాన్స్ పిలిపిస్తాను సార్, కానీ ఆ మర్నాడు సెకండియర్ హిస్టరీకి ఒక గంట ఇవ్వండి, రంప పితూరీ పాఠం మా బాబాయితో చెప్పిస్తాను అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు. బాబాయికి చెప్తే, నాకు తెలుగు అంత గట్టిగా రాదు కదే అన్నాడు. కోయలోనే చెప్పు, పక్కన నిలబడి నేను తెలుగులో చెప్తాను అన్నాను. వాళ్ళ తాత దగ్గర విన్న పాట ఒకటి ఉందట, దానితో మొదలుపెడతానన్నాడు.

లంక పొలం:

ఆ క్లాసుకి బయటివాళ్ళు రావచ్చా అండి?

శబరి ఒడ్డు:

అడిగి చెప్తాను. వెనక బెంచీలో చోటు ఉంటుందనే అనుకుంటున్నాను, రండి.